అక్క వీధి మీదుగా గీసిన గీత

ఆఫీసులో అందరూ ఆయన్ని గీతల మాస్టారు అంటారు. ముప్పై ఏళ్లుగా గీతలు తప్ప మరో యావ లేని మనిషి. ఉపగ్రహం పైనుంచి కొలిచిన నేల ఎత్తుల్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి దించి, తెర మీద గుట్టలూ పల్లాలూ తేల్చడంలో చెయ్యి తిరిగినవాడు. కొత్త జలాశయం నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గీసే పని ఆయన నెత్తిన పడింది. ఆ చుట్టుపక్కలే ఆయన అక్క ఉంటోంది.

ఉపగ్రహానికి ఒక గుడ్డితనం ఉంది. దట్టంగా చెట్లున్న చోట వాటి తలల్నే నేల అనుకుంటుంది. ఆ ఎత్తు మనమే తీసెయ్యాలి. మాస్టారు మిగతా చోట్లన్నీ ఓపిగ్గా తీసేశాడు. అక్క వీధికి వచ్చేసరికి నేల నీటిమట్టానికి నాలుగు మీటర్ల పైన కనబడింది. ప్రాణం లేచొచ్చింది. ఆ వీధి పొడవునా పెద్ద పెద్ద చెట్లున్న సంగతి గుర్తు రాలేదు. రాలేదో, ఆయనే రానివ్వలేదో! వెంటనే ఫోన్ అందుకున్నాడు.

“నీ గుమ్మం దాకా నీళ్లు రావక్కా. నిశ్చింతగా ఉండు.”

అక్క ఊరుకుంటుందా? తమ్ముడు చెప్పాడంటూ వీధంతా చాటింది. మునిగే ఇళ్లవాళ్లకి వేరేచోట స్థలాలిస్తామని దరఖాస్తులు అడిగితే, ఆ వీధి నుంచి ఒక్కరూ పెట్టలేదు. గడువు దాటిపోయింది.

మరుసటి వారం సర్వేవాళ్లు నేల మీద నిలబడి కొలిచిన అంకెలు వచ్చాయి. అక్క ఇల్లు నీటిమట్టానికి మూడు మీటర్ల కింద ఉంది. గడువు పెంచమని మాస్టారు పై అధికారిని కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. దాటింది దాటిందేనన్నాడాయన.

అక్క బట్టలు ఆరేస్తుండగా వెళ్లి, తన తప్పంతా చెప్పాడు.

“నువ్వు గీసిందేగా. కాస్త జరపలేవురా?”

“జరపొచ్చక్కా. నీళ్లు వినవు.”

అక్క చేతులు తుడుచుకుని చెప్పులేసుకుంది.

“ఎక్కడికక్కా?”

“వీళ్లందరికీ చెప్పింది నేనే కదా. నువ్వు రాకు. నిన్నెవరైనా ఒక మాటంటే నేను తట్టుకోలేను.”

పక్కింటి తలుపు తీసిన చప్పుడైంది. మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“మా తమ్ముడు అనుమానంగానే చెప్పాడమ్మా. నేనే గట్టిగా చాటేశాను. తప్పు నాదే,” అంటోంది అక్క.

కాదని అరవాలనుకున్నాడు. గడప దిగలేదు. అక్క రెండో ఇంటికి వెళ్లింది.