ప్రాంప్టరు అందించని మాట

మా నాటక బృందానికి ప్రాంప్టరు, పోర్టులో క్రేను నడిపే ఒకాయన. డ్యూటీ దిగి, వన్ టౌన్‌లో మేం రిహార్సల్స్ వేసుకునే మేడగదికి చెమట చొక్కాతోనే వచ్చేవాడు. జనానికి వినబడకుండా, నటుడి చెవిన మాత్రం పడేలా మాట అందించడం ఆయన విద్య.

ఎనభైల మొదట్లో మేమొక చేతబడి నాటకం వేశాం. ఊళ్లో పిల్లలు జబ్బుపడితే, ఒక ముసలమ్మ చిల్లంగి పెట్టిందని అందరూ ఆమె మీద పడతారు. దొంగసాక్షి వేషం నాది. "ఈ ముసిల్ది సిల్లంగి పెట్టడం నా కళ్లారా సూసేను" అనాలి. సరిగ్గా ఆ మాట దగ్గరే ప్రాంప్టరు పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసేసేవాడు. నాకు నోటికొచ్చు కదా అని వదిలేస్తున్నాడనుకున్నాను. కానీ నాకు కంఠతా వచ్చిన మిగతా మాటలన్నీ అందిస్తూనే ఉండేవాడు. అదే అంతుపట్టేది కాదు.

భీమిలి ప్రదర్శనలో ఆ మాటే మర్చిపోయాను. తెర పక్కకు చూశాను. పుస్తకం మూసే ఉంది. ఆయన నన్నే చూస్తున్నాడు గానీ పెదవి కదపలేదు. నేను గుటకలు మింగుతుంటే అదీ నటనే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఎలాగో గుర్తొచ్చి అనేశాను.

తెర పడగానే ఆయన మీదకి వెళ్లాను. "ఏటి బావా, నోరు పడిపోనాదేటి?"

ఆయన పుస్తకం నా చేతిలో పెట్టేశాడు.

"ఆ మాట మా ఊరి పంచాయితీలో నాను ఎవులూ అందించకుండానే అనీసేను బావా. అందరూ నమ్మీసేరు."