ఇనుప టోపీ లోపలి గుడ్డ

ముప్పై రెండేళ్లు రికార్డు రూములో పనిచేసినవాడికి కాగితం మీద ఉన్నంత నమ్మకం మనిషి మీద ఉండదు. ఇది గొప్పగా చెప్పుకుంటున్న మాట కాదు. ఆ నమ్మకంతో నేనొక మనిషికి అన్యాయం చేశాను. దాన్ని కడుపులో పెట్టుకుని తిరగడం చేతకాక రాస్తున్నాను.

రిటైరయ్యాక శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాం. మొదటి నెల విమానాలకు ఉలిక్కిపడేవాళ్లం. రెండో నెల నుంచి మాట మధ్యలో ఆపి, అది దాటిపోయాక మళ్లీ అందుకోవడం అలవాటైంది. పెరటికి పాత గేటు ఒకటి దొరుకుతుందేమోనని సాతంరాయిలో ఇనుప సామాను కొట్టుకు వెళ్లాను. గేటు దొరకలేదు గానీ, తుప్పు రేకుల కింద వెడల్పాటి అంచున్న ఇనుప టోపీ కనిపించింది. పాతకాలం సిపాయిలు పెట్టుకునేది. లోపల తోలు ఎండి బెరడు కట్టింది. అంచు దగ్గర తెల్ల రంగుతో ఒక నంబరు, ఇంగ్లీషులో ఒక పేరు. ఇంటిపేరు లేదు.

"పాత ఇండ్లు కూలగొట్టిన కాడికెళ్లి వచ్చిన మాల్ సాబ్. ఎవరిదో ఎవరికెరుక," అన్నాడు కొట్టు యజమాని.

ఎవరికీ ఎరుక లేనిదాన్ని ఎరుకలోకి తేవడమే కదా నా ఉద్యోగం! నంబరుంది, పేరుంది, ఇంకేం కావాలి? ఆ టోపీ పెట్టుకుని యుద్ధానికి వెళ్లిన మనిషిని కనిపెట్టి తీరతానని అక్కడే నిర్ణయించుకున్నాను. శనివారం పొద్దున్నే కిరసనాయిలు, గరుకు కాగితం పట్టుకుని పెరట్లో కూర్చున్నాను. ఎండిన తోలు పెళ్లలు పెళ్లలుగా ఊడొచ్చింది. దాని కింద మడతలు పెట్టి, దట్టంగా కుట్లు వేసిన నీలం గుడ్డ ఒకటి అతుక్కుని ఉంది. చెమట మరకలతో నల్లబడింది. దాన్నీ పీకి, తోలు ముక్కలతో పాటు వంటింటి వెనక చెత్త సంచిలో పడేశాను. నంబరూ పేరూ ఉన్నచోట మాత్రం గరుకు కాగితం తగలనివ్వలేదు. అక్షరం ఉన్నది సాక్ష్యం, లేనిది చెత్త. నా చదువు అంతవరకే.

మెరిసిపోతున్న టోపీని ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండో ప్రపంచ యుద్ధం నాటిదనీ, దీని సొంతదారు చిరునామా కనుక్కోబోతున్నాననీ రాశాను. చప్పట్లు, దండాలు వచ్చిపడ్డాయి. ఫొటో తీస్తున్నప్పుడు మా వాచ్‌మన్ కూడా చూశాడు. అతనిది తొండుపల్లి.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం అతను వాళ్ల ఊళ్లో ఉండే ఒకామెను వెంటబెట్టుకొచ్చి, వరండాలో కూర్చోబెట్టి వెళ్లాడు. అరవై దాటి ఉంటాయి. చర్చికి వెళ్లి అటునుంచే వచ్చినట్టుంది, తెల్ల చీర, చేతి సంచిలో బైబిల్. ఎయిర్‌పోర్ట్ దారిలో ఒక లాడ్జీలో ఊడ్చే పని చేసి మోకాళ్లు సహకరించక మానేశానని చెప్పింది. టోపీ తెచ్చి బల్ల మీద పెట్టాను. చూడగానే మనిషి ముందుకు వంగింది.

"మా బాపుది సారూ ఇది. లడాయికి పోయినప్పుడు ఇచ్చిన్రట. వచ్చినంక రాళ్లు కొట్టే పనికి పోయిండు. బండ పేల్చేటప్పుడు నెత్తికి గిదే పెట్టుకునేటోడు. ఎయిర్‌పోర్ట్‌కని ఊరు ఖాళీ చేసినప్పుడు ఆడనే పోయింది. ఎండకు ఇనుము కాలుతదని మా అమ్మ తన చీర కొంగు చింపి లోపట కుట్టింది. నీలం చీర. తోలు కింద ఉంటది, జర చూడు."

నేను పీకి పారేసిన గుడ్డ అది. తేరుకునే లోపే నోరు తన అలవాటు ప్రకారం అడిగింది, "మీ నాన్నగారి పేరేంటమ్మా?"

చెప్పింది. క్రైస్తవుల పేరు. టోపీలో ఉన్నది అది కాదు, దాని దరిదాపుల్లోది కూడా కాదు.

"టోపీ నువ్వే ఉంచుకో సారూ," అంది ఆమె, నా మొహంలో ఏం కనబడిందో. "సర్కారు మాల్ అది, నేనేం చేసుకుంట. గా గుడ్డ ఒక్కటి ఇయ్యి. నాకు ఐదేండ్లున్నప్పుడు మా అమ్మ సచ్చిపోయింది. ఫొటో గిట్ల ఏం లేదు. సమాధేమో ఊరు ఖాళీ చేసిన్నాడు ఊరితోనే పాయె. సమాధుల పండుగకు అందరు మొంబత్తులు పట్టుకొని పోతరు. నేను ఏడికి పోవాలె? గా గుడ్డ దొరికితే కొత్త బొందలగడ్డల జర జాగ అడిగి పెట్టుకుంట."

సంచి వంటింటి వెనకే ఉంది. పది అడుగులు. ఆదివారం చెత్త ఆటో రాదు. లేచి వెళ్లి, "పొరపాటున తీసేశానమ్మా, ఇదిగో" అంటే అయిపోయేది. నేను లేవలేదు.

"లోపల ఏమీ లేదమ్మా. పైగా పేరు కూడా మీ నాన్నగారిది కాదు. ఇలాంటివి అప్పట్లో చాలామందికి ఇచ్చి ఉంటారు. ఇది ఇంకెవరిదో," అన్నాను. అది ముప్పై రెండేళ్ల ఆఫీసు గొంతు. ఆ గొంతుకు ఎదురు చెప్పినవాళ్లు నా సర్వీసులో లేరు.

ఆమె టోపీని ఒళ్లోకి తీసుకుని లోపల వేళ్లతో తడిమింది. ఇనుము నున్నగా తగిలింది.

"మంచిగ తోమినవ్ సారూ," అని బల్ల మీద పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

ఎందుకలా చేశానని నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. పేరు కలవలేదు, పరాయి మనిషికి ఇవ్వకూడదు అనేది పైకి చెప్పుకున్న కారణం. నిజానికి ఆవిడ ముందు చెత్తలో చెయ్యి పెట్టి వెతకడం నామోషీ అనిపించింది. ఊరంతా మెచ్చుకున్న మర్నాడే, ఇంత తెలిసినవాడు ఇంత తెలివితక్కువ పని చేశాడని ఒప్పుకోవడం ఇంకా నామోషీ. నీలం గుడ్డ సంగతి ఆమె చూడకుండా చెప్పిందంటే అంతకు మించిన రుజువేముంటుంది? తెలియక చేసింది కాదు ఇది. తెలిసీ పేరును అడ్డం పెట్టుకున్నాను.

సోమవారం ఆటో వచ్చింది. సంచి నేనే ఎత్తి అందించాను. అప్పటికీ మించిపోలేదు, ఆపమంటే ఆటోవాడు ఆపేవాడు. నేను ఆపమనలేదు.

ఆ తర్వాత చేసినదంతా గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకుని తిరగడమే. సైన్యం రికార్డుల ఆఫీసుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. నెలలు గడిచాక జవాబొచ్చింది. ఆ నంబరు గల మనిషి బర్మా వైపు లారీ నడిపాడు, యుద్ధం అయ్యాక ఇంటికి పంపేశారు. సొంత ఊరు ఫలానా. అది ఎయిర్‌పోర్ట్ కోసం ఖాళీ అయిన ఊళ్లలో ఒకటి. ఆ ఊరివాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడున్నారో కనుక్కుని, మంఖాల్ దాకా పోయి ముసలివాళ్లందరినీ అడిగాను. ఆ పేరుగల మనిషి మా ఊళ్లో లేడన్నారు అందరూ. గుడ్డ అడిగిన ఆమె సొంతూరూ అదేనని వాచ్‌మన్‌ను ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు. నా కుందేలుకు మూడే కాళ్లు.

చివరికి ఒక పెద్దాయన, ఆ ఊరి చర్చి పుస్తకాలు శంషాబాద్‌లో పాస్టరు గారి దగ్గర ఉన్నాయి, చూడమన్నాడు. పాస్టరు గారు బీరువాలోంచి బాప్తిస్మాల రిజిస్టరు తీశారు. నేను చెప్పిన పేరు కోసం పేర్ల వరుసలో వెతుకుతుంటే ఆయన నా చెయ్యి పక్కకు జరిపారు.

"అక్కడ దొరకదు సార్. అప్పట్ల పెండ్లి ముంగట బాప్తిస్మం తీసుకొని పేరు మార్చుకునేటోళ్లు. పిల్ల తరపోళ్లు ఒప్పుకోవాలె గద. పాత పేరు గీ చివరి గడిల రాస్తరు. ఇగ దాన్ని ఎవ్వరు పిలువరు, పుట్టిన పిల్లలకు కూడ తెల్వది."

చివరి గడిలో ఉంది. టోపీలో ఉన్న పేరు, అదే. మొదటి గడిలో ఆమె నా వరండాలో చెప్పిన పేరు. కింద, కొన్నేళ్ల తర్వాత పుట్టిన కూతురు పేరు. సైన్యంలో చేరినప్పుడు ఒక పేరు, పెళ్లి చేసుకున్నప్పుడు ఒక పేరు, మనిషి ఒక్కడే. పాస్టరు గారి చేత సంతకం పెట్టించి నకలు తీసుకున్నాను. సిగ్గు లేదు, అప్పుడు కూడా నకలే.

తొండుపల్లిలో ఆమె ఇంటి ముందు మంచం మీద కూర్చుని చింతచిగురు ఏరుతోంది. నకలు చదివి వినిపించాను. నాన్నకు ఇంకో పేరుందని వింటూ, ఆ పేరును ఒకటి రెండు సార్లు మెల్లగా పలికి చూసుకుంది. నవ్వింది కూడా. టోపీ ఆమె చేతుల్లో పెట్టాను. పెట్టి, ఇంక ఆగితే మళ్లీ చెప్పలేనని, ఒక్క ఊపిరిన చెప్పేశాను. గుడ్డ ఉండింది. నీలం గుడ్డే. శనివారం నా చేత్తో పీకి పారేశాను. మీకు అబద్ధం చెప్పాను.

ఒక విమానం దిగుతూ మా నెత్తి మీంచి పోయింది. అది దాటిపోయాక ఆమె అడిగింది.

"నేనొచ్చిన్నాడు ఏడున్నది?"

"చెత్త సంచిలో. వంటింటి వెనక."

"నేను కూసోని ఉన్నప్పుడే?"

"అవునమ్మా."

ఆమె చింతచిగురు చాటను పక్కకు జరిపింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చెప్తే నేనే దేవులాడుకుంటుంటి గద సారూ," అంది. "చెత్తల చెయ్యి పెట్టుడు నాకేమన్న కొత్తనా?"