ఆంటీ చూపుడువేలు

మా నేపర్‌విల్ తెలుగు చర్చిలో ఒక ఆంటీ ఉండేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక చీర మీద స్వెట్టర్ వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని నది ఒడ్డుకు వెళ్లేవారు. గాలం వేసి, దారాన్ని చూపుడువేలి మీద ఆనించుకుని కళ్లు మూసుకునేవారు. పొద్దు వాలేకొద్దీ నీళ్ల మీది పొగమంచు మా కాళ్ల దాకా వచ్చేది. నది ఎక్కడ ఆగిందో, మేం ఎక్కడ మొదలయ్యామో తెలిసేది కాదు.

దారం కాస్త కదిలితే చాలు, నేను "ఆంటీ, పుల్ చేయండి!" అని అరిచేదాన్ని.

"ఆగమ్మా. అదింకా ఆలోచించుకుంటోంది," అనేవారు.

ఆ నిదానానికి నాకు ఒళ్లు మండేది. ఎప్పటికో ఆ వేలు మెల్లగా పైకి లేచేది. లేచిందంటే చేప చిక్కినట్టే. క్యాట్‌ఫిష్ మీసాలో, వాల్‌ఐ అనే చేప వెండి కళ్లో మసక వెలుతురులో తేలి వచ్చేవి.

ఇప్పుడు ఆంటీ వేరే రాష్ట్రంలో, కాపెల్ అనే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నారు. మతిమరుపు వచ్చింది. మొన్న వీడియో కాల్‌లో నన్ను అలా చూస్తూ ఉండిపోయారు.

"మమ్మీ ఎవరినీ గుర్తుపట్టట్లేదు. సారీ, కట్ చేసేస్తా," అంది వాళ్లమ్మాయి.

"ఆగక్కా," అన్నాను. "ఇంకా ఆలోచించుకుంటున్నారు."

ఆమె కట్ చేయలేదు. ఫోన్‌ను కాస్త కిందికి వంచింది.

ఎప్పటికో దుప్పటి మీద ఆంటీ చూపుడువేలు మెల్లగా పైకి లేచింది.