ఫోనక్క వాకబు

ఊపిరితిత్తుల వార్డులోని నర్సుకి ఫోనక్క అన్న పేరు రోగులు పెట్టిందే. ఇళ్లకు వెళ్లిపోయిన వాళ్లను కూడా వదలకుండా, మందు పీలుస్తున్నారా లేదా అని ఫోన్ చేసి ఆరా తీసేది మరి. "అత్తగారి పోరైనా తప్పించుకోవచ్చు గానీ ఈవిడ ఫోన్ తప్పించుకోలేం" అని నవ్వుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడితే ఆవిడా నవ్వేసేది.

మొదట్లో ఆవిడ పని కూడా వార్డు గుమ్మం దాకానే. ఉబ్బసంతో ఆయాసపడుతూ వచ్చినవాళ్లు తేరుకుని ఇంటిదారి పడితే, ఆ మంచం మీద దుప్పటి మార్చేసేది. ఒకసారి ఒక దర్జీ అమ్మాయి అలాగే కోలుకుని, "మీ బట్టలన్నీ ఇక నేనే కుడతానక్కా" అని మాటిచ్చి వెళ్లింది. వర్షాలు మొదలయ్యేసరికి ఆ అమ్మాయిని మళ్లీ మోసుకొచ్చారు. ఈసారి దక్కలేదు. ఒంట్లో బాగుంది కదా అని మందు మానేసిందని తల్లి ఏడుస్తూ చెప్పింది.

కొన్నాళ్లు అన్నం సయించక తిరిగిన ఫోనక్క, ఒకరోజు పెద్ద డాక్టరు గదికి వెళ్లింది.

"ఇంటికెళ్లిన వాళ్లని మనం వదిలేస్తున్నాం సార్. మధ్యాహ్నాలు నాకివ్వండి, వెంటపడి కనుక్కుంటాను."

ఆయన కళ్లజోడు తీసి, "నేనూ ఆ అమ్మాయి గురించే అనుకుంటున్నానమ్మా. వార్డు ఫోను వాడుకో. మందు మార్చాల్సి వస్తే నాకు కబురు పెట్టు" అన్నాడు.

అలా వెంటపడిన వాళ్లలో రొట్టెల మేస్త్రి ఒకడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే బేకరీ. అన్న గల్లాపెట్టె దగ్గర, తమ్ముడు పొయ్యి దగ్గర. తమ్ముణ్ణి ఆస్పత్రికి తెచ్చినప్పుడు పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. అదృష్టం బాగుండి బయటపడ్డాడు. ఇంటికెళ్లి వారం తిరక్కుండానే ఫోనక్క పలకరించింది.

"బ్రహ్మాండంగా ఉన్నానక్కా! పరుగు పందెం పెట్టండి, గెలుస్తా."

మాట ధీమాగానే ఉంది గానీ, ఆ రెండు ముక్కల మధ్య అతను ఊపిరి కోసం ఆగడం ఆవిడ చెవి పట్టేసింది. డ్యూటీ దిగగానే బేకరీకి వెళ్లింది.

లోపల మేస్త్రి పిండి బస్తా భుజానికెత్తుకుని పైనుంచి తొట్టిలోకి గుమ్మరిస్తున్నాడు. లేచిన తెల్లటి దుమారం అతని కనుబొమల మీద పేరుకుంది. ఆవిణ్ణి చూసి "రండక్కా, కూర్చోండి" అంటూనే దగ్గాడు.

"ముందు మందులు చూపించండి."

బేకరీ వెనక గదుల్లోనే వాళ్ల కాపురం. అతని భార్య అద్దాల బీరువా తాళం తీసింది. రోజూ పీల్చాల్సిన మందు సీలు కూడా విప్పకుండా కప్పుల పక్కన భద్రంగా ఉంది. "అవసరానికి పనికొస్తుందని దాచానక్కా" అంది. ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం డబ్బా ఒక్కటే మేస్త్రి జేబులో ఉంది.

"ఇది ఆ అవసరం రాకుండా చూసే మందమ్మా."

"రోజూ వాడితే అలవాటైపోతుందంటగా?" అన్నాడు మేస్త్రి.

"పళ్లు తోముకోవడం అలవాటైతే ఏమైనా నష్టమొచ్చిందా? ఇదీ అంతే. పీల్చాక నోరు పుక్కిలించండి, చాలు. ఏదీ, నీలం మందు ఎలా పీలుస్తున్నారో చూడనివ్వండి."

అతను నాలుక మీద కొట్టుకుని, చప్పరించి, గుటుక్కున మింగాడు. ఫోనక్క పకపకా నవ్వింది. భార్యకీ నవ్వాగలేదు.

"ఆయాసం పొట్టకి కాదు బాబూ వచ్చింది!"

సంచిలోంచి ప్లాస్టిక్ గొట్టం తీసి డబ్బాకి తగిలించింది. ఊపిరంతా వదిలి, గొట్టం చుట్టూ మూతి బిగించి, డబ్బా నొక్కి, మెల్లగా లోపలికి లాగి, కాసేపు బిగబట్టాలని చేసి చూపింది. అతనికి కుదిరేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

తర్వాత పిండి సంగతెత్తితే అన్న అడ్డుపడ్డాడు. "పిండి లేకుండా రొట్టెలెలా వస్తాయమ్మా?"

"రొట్టెల్లోకి వెళ్లనివ్వండి, మీ తమ్ముడి ఛాతీలోకి వద్దు. బస్తా మూతి తొట్టి అడుగుకి దించి నెమ్మదిగా వంపండి. చీపురు మానేసి నేల తడిగుడ్డతో తుడిపించండి."

అన్న తల గోక్కుని, "సరే, వంపే పని ఇక నాది" అన్నాడు. మేస్త్రి మొహం చిన్నబోయింది. "పిండి పిసికేది నువ్వేలేరా" అన్నాక గానీ తేరుకోలేదు.

చలికాలం జలుబు చేసి మేస్త్రికి మళ్లీ ఛాతీ పట్టేసింది. మునుపైతే, అదే తగ్గుతుందిలే అని పొయ్యి దగ్గరే నిలబడేవాడు. ఈసారి నేర్చుకున్నట్టే నీలం మందు పీల్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ బిగిసేసరికి, రొట్టెల పళ్లెం కింద పెట్టి, "అన్నా, ఆస్పత్రికి పద" అన్నాడు. అక్కడ మందులిచ్చి, కాసేపు కనిపెట్టుకుని ఉండి, సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు.

వెళ్లేముందు ఫోనక్క ఎదురైతే తల దించుకున్నాడు. "మళ్లీ వచ్చేశానక్కా, అంత చెప్పినా."

"కిందటిసారి మిమ్మల్ని మోసుకొచ్చారు బాబూ. ఈసారి మీరే మీ అన్నని వెంటబెట్టుకొచ్చారు. ఇంకేం కావాలి నాకు?" అంది ఆవిడ. ఆ గొంతు అంత మెత్తగా ఉండటం అతనెప్పుడూ వినలేదు.

అందరూ మేస్త్రిలా వింటారని కాదు. కొందరు విసుక్కుంటారు, కొందరు నంబరు మార్చేస్తారు. మొన్నొక ముసలాయనైతే తనే ఫోనెత్తి, "ఆయన ఇంట్లో లేడు" అన్నాడు.

"సరేనండీ, నేను బయల్దేరానని ఆయనకి చెప్పండి" అని ఫోనక్క చెప్పులేసుకుంది.