సెలూన్‌లో రొయ్యల తొట్టి

ఆ వీధిలో అతని అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. రెండు కుర్చీల చిన్న సెలూన్ అతనిది. చేతిలో కత్తెర ఆడడం మొదలైతే నోరూ ఆడాల్సిందే. ఏ ఇంట్లో గొడవ జరిగింది, ఏ కొట్టు మూతపడింది, నిన్నటి ఆటలో ఎవడి వల్ల ఓడిపోయారు, అన్నీ అతని దగ్గర వేడివేడిగా దొరికేవి. అందుకే రేడియో అన్నారు. గడ్డం గీయించుకునే పనిలేనివాళ్ళు కూడా వచ్చి బెంచీ మీద చేరగిలపడేవారు.

అలాంటి మనిషికి ఒక వానాకాలం గొంతు బొంగురుపోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, మాత్రలు మింగాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి భార్య రెక్క పట్టుకుని గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరు లోపలికి సన్నని గొట్టం పెట్టి చూశాడు. "లోపల చిన్న చిన్న కాయలు కాశాయి. మాట్లాడీ మాట్లాడీ వచ్చినవే. కొన్నాళ్ళు నోరు కట్టేసుకుంటే కరుగుతాయి. లేదంటే కొయ్యాలి."

"పోనీ, గుసగుసగా మాట్లాడొచ్చాండీ?" అంది భార్య.

"అది ఇంకా చెడ్డది. సైగలు చేసుకోమనండి."

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని నవ్వు ఆపుకోవడం రేడియో చూడనే చూశాడు. కానీ ఏమంటాడు?

మర్నాటి నుంచి సెలూన్ పరీక్ష హాలులా తయారైంది. కత్తెర చప్పుడు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వచ్చినవాళ్ళు ఇబ్బందిగా అద్దంలోకి చూసి, పని కాగానే లేచిపోయేవారు. రెండో కుర్చీ దగ్గర పనిచేసే బావమరిదికి చేతిలో నైపుణ్యం ఉంది గానీ కబుర్లు చెప్పడం రాదు. ఆలోచన మాత్రం వాడిదే. "మనుషులకి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి బావా. చేపల తొట్టి పెడదాం" అన్నాడు.

చేపల కొట్టు నడిపే ఆవిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "చేపలు మీవల్ల కాదు. రోజూ కనిపెట్టుకుని ఉండాలి. చిన్న రొయ్యలు పెట్టుకోండి. ఇంత తొట్టి, నాలుగు మొక్కలు. పాచి వాటంతట అవే తింటాయి. ఒకసారి నీళ్ళు కుదిరాయంటే మీరు దాని జోలికే పోనక్కర్లేదు" అంది.

జోలికి పోనక్కర్లేదన్న మాట రేడియో చెవికి బాగా ఎక్కింది. నీళ్ళు కుదరాలన్నది ఎక్కలేదు.

సెలవు రోజున ఇద్దరూ కూర్చున్నారు. రెండు చేతులతో గుండెకి ఆనించుకుని మోయగలిగినంత గాజు తొట్టి. అడుగున నల్లమట్టి, ముందు పల్లంగా, వెనక ఎత్తుగా. దాని మీద ఎండుకొమ్మ, కొమ్మకి దారంతో చుట్టిన నాచు, రాళ్ళ సందున వెడల్పాకుల మొక్క. గంటల తరబడి ఒంగి సర్దేసరికి రేడియో నడుము పట్టేసింది. నీళ్ళు మెల్లిగా, పళ్ళెం మీదుగా పొయ్యాలని కొట్టావిడ చెప్పింది. రేడియో పళ్ళెం కోసం వెనక్కి తిరిగాడో లేదో బావమరిది బకెట్టెత్తి కుమ్మరించాడు. మట్టి పైకి లేచింది. కొమ్మ తేలింది. తొట్టి మొత్తం బురదగుంట అయిపోయింది.

నోటిదాకా వచ్చిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఒక్కటీ బయటికి రావడానికి లేదు. దువ్వెనతో బల్ల మీద టకటకా కొట్టి, బావమరిదికి వేలితో గుమ్మం చూపించి, మళ్ళీ మొదటినుంచి సర్దుకున్నాడు.

రొయ్యలు వెంటనే వెయ్యకూడదట. నీళ్ళు పాకానికి రావడానికి వారాలు పడుతుందట. ఈలోగా గాజుకి గోధుమరంగు జిగురు పట్టింది. ఆకులు కొన్ని కుళ్ళి కరిగిపోయాయి. బెంచీ మీదివాళ్ళకి మాత్రం భలే కాలక్షేపం దొరికింది.

"ఏముందయ్యా ఇందులో? నీళ్ళకి కాపలా కాస్తున్నావా?"

దానికి దిమ్మతిరిగే జవాబు రేడియో నాలుక చివరే ఉంది. మింగేశాడు. మింగీ మింగీ కడుపు ఉబ్బిపోతోందని భార్యకి సైగ చేసి చూపించాడు. ఆవిడ మజ్జిగ కలిపి ఇచ్చింది.

ఇక ఉండబట్టలేక గడువుకి ముందే వెళ్ళి గుప్పెడు ఎర్ర రొయ్యలు తెచ్చి వదిలాడు. బియ్యపుగింజకి కాళ్ళొచ్చినట్టున్నాయి. రెండు రోజులు కొమ్మ మీద చకచకా తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటీ పక్కకి ఒరిగి, ఉడికిన రంగుకి తిరిగాయి. వారం తిరిగేసరికి అన్నిటినీ గరిటెతో తీసి పారేశాడు.

"ఆగమని చెప్పానా లేదా?" అంది చేపల కొట్టావిడ. రేడియో తల దించుకున్నాడు. మాటకి మాట అప్పజెప్పకుండా ఒక కొట్టులోంచి బయటికి రావడం అతనికి అదే మొదలు.

రెండోసారి పళ్ళు బిగబట్టి ఆగాడు. ఈసారి వేసిన రొయ్యలు నిలిచాయి. నాచు పచ్చగా అల్లుకుంది. అప్పుడు మొదలైంది అసలు బాధ. "రొయ్యకి లేదా బారెడు మీసం అన్నారు. వీటికీ నువ్వే కత్తిరిస్తావా?" అని మొదట ఎవడో అన్నాడు. రేడియో నవ్వాడు. ఆ తర్వాత కుర్చీ ఎక్కిన ప్రతివాడూ అదేదో తనకే తట్టినట్టు ఆ మాటే అనేవాడు. ఒకాయన బిస్కెట్టు పొడి చల్లాడు. ఇంకొకాయన గాజు మీద తాళంచెవితో కొట్టి పలకరించాడు.

పోస్టాఫీసులో చేసి రిటైరైన ముసలాయన ఒకరు, "ఒకటి పోయినట్టుందయ్యా" అని చూపించాడు. అది పోలేదు, ఒంటి మీది పొర విడిచింది. ఆ సంగతి చెప్పడానికి రేడియో తన చొక్కా గుండీలు విప్పి, భుజాల మీంచి జార్చి, పక్కన పడేస్తున్నట్టు అభినయించాడు. పెద్దాయన పాపం అనుకుని లేచి ఫ్యాను పెంచాడు.

ఒకరోజు మధ్యాహ్నం డాక్టరు మళ్ళీ చూసి, కాయలు సగానికి సగం తగ్గాయన్నాడు. రేడియో ఎగురుకుంటూ సెలూన్‌కి వచ్చాడు. లోపల ఘాటైన వాసన. తొట్టిలో రొయ్యలు గిరగిరా తిరిగి వెల్లకిలా పడుతున్నాయి.

"ఎవడు కొట్టాడురా మందు?"

రేకు చించినట్టు వచ్చింది గొంతు. కుర్చీలో సగం తల కత్తిరించుకున్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు.

బావమరిది చేతిలో దోమల మందు డబ్బా అలాగే ఉంది. "దోమలు కుడుతున్నాయన్నారు బావా. తొట్టి మీద కొట్టలేదు. బెంచీ కింద కొట్టాను."

"బుద్ధుందా నీకు? మట్టి నువ్వే కలిపావు, ఇప్పుడు నువ్వే చంపావు. చేతకాని వెధవా..." ఇన్నాళ్ళు మింగినదంతా ఒక్కసారిగా కక్కాడు. మధ్యలోనే గొంతు పూడుకుపోయింది. పెదవులు ఆడుతున్నాయి, గాలి తప్ప ఏమీ రావడం లేదు.

బావమరిది డబ్బా కింద పెట్టి, భుజం మీది తువ్వాలు మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. సగం తల రేడియోనే పూర్తిచేయాల్సి వచ్చింది.

"వాడు కావాలని చేశాడా?" అంది రాత్రి అన్నం వడ్డిస్తూ భార్య. "నీ గొంతూ పోయె, నా తమ్ముడూ పోయె, ఆ రొయ్యలూ పోయె. ఏం మిగిలింది?" డాక్టరు కూడా అంతకంటే మెత్తగా ఏమీ మాట్లాడలేదు. నోరు కట్టేసుకునే రోజుల లెక్క మళ్ళీ మొదటినుంచి.

బావమరిది రావడం మానేశాడు. కొన్నాళ్ళు చూసి రేడియోనే వాళ్ళింటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. తప్పయిందన్న మాటకి ఏ సైగా తోచలేదు. రెండు చేతులూ జోడించాడు.

"పెద్దవాడివి, నాకు దణ్ణం పెడతావేంటి? దించు" అన్నాడు బావమరిది. "రొయ్యపాటి చెయ్యనా బావా నేను?" అన్నాడు. రేడియో తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, వాడు లోపలికెళ్ళి చెప్పులేసుకుని వచ్చేదాకా.

ఇద్దరూ కలిసి తొట్టి కడిగారు, మట్టి మార్చారు, మళ్ళీ నీళ్ళు పోసి కూర్చున్నారు. ఈసారి మొక్కలతో పాటు ఆవగింజలంత నత్తలు వచ్చాయి. రేడియో పొద్దున్నే వాటిని ఏరేవాడు. సాయంత్రానికి అంతకంతా కనిపించేవి.

ఆ రోజుల్లోనే పోస్టాఫీసు పెద్దాయన గడ్డానికి కూర్చుని, కంటి ఆపరేషన్ గురించి, ఇంట్లో ఒంటరిగా టీ కాచుకోవడం గురించి చెప్పుకుంటూ పోయాడు. చివర్లో, "ఇన్నేళ్ళలో నీ కుర్చీలో కూర్చుని చెప్పదల్చుకున్నది పూర్తిగా చెప్పడం ఇదే మొదటిసారయ్యా" అన్నాడు. రేడియో చేతిలో కత్తి ఆగింది. అబద్ధం అని అరవాలనిపించింది. పెద్దాయన మొహాన్ని రెండోవైపుకి తిప్పి పని కానిచ్చాడు. ఆ మాట మాత్రం రోజంతా పంటికింద రాయిలా కలుక్కుమంటూనే ఉంది.

ఇప్పుడు గొంతు కొంచెం వచ్చింది, సన్నగా, అరిగిపోయినట్టు. పొదుపుగా వాడుకోమన్నాడు డాక్టరు. రొయ్యలు పిల్లలు పెట్టాయి గానీ ఎప్పుడు చూసినా నాచులో దూరి ఉంటాయి. వచ్చినవాడల్లా తొట్టి ముందు ఒంగి, "ఏవయ్యా రొయ్యలు?" అంటాడు. అదుగో, కొమ్మ కింద, కాదు, ఆకు వెనక, అని చూపించి చెప్పాలి. దేవుడిచ్చిన నాలుగు మాటలూ ఆ రొయ్యల ఆచూకీకే సరిపోతున్నాయని రేడియో ఇంటికెళ్ళి భార్య దగ్గర విసుక్కుంటాడు. చాల్లే, గొంతు దాచుకో, అంటుందావిడ.