మొదటి చీటీ

మా ఆస్పత్రి కంప్యూటర్ గదిలో సర్వర్ చూసే ఆవిడను అందరం దీదీ అనేవాళ్లం. రోజూ తుష్నాబాద్ ఊరి నుంచి తొలి బస్సుకే వచ్చి, ఓపీ కౌంటర్ తెరవకముందే పరీక్షకని తనే ఒక ఓపీ చీటీ కొట్టేది. మొదటిసారి ఎర్రర్ వచ్చేది. రెండోసారికి వచ్చిన చీటీని చించేసేది.

"ఫస్ట్ దెబ్బ మనమే తినాల తమ్ముడూ" అనేది.

రాత్రంతా ఎవరూ వాడకపోతే డేటాబేస్ తన వైపు నుంచి కనెక్షన్లు తెంపేసేది. ఆ సంగతి తెలియని అప్లికేషన్, పొద్దున మొదట వచ్చిన రోగికి ఆ తెగిన కనెక్షన్‌నే అంటగట్టేది.

నేను చేరాక కోడ్ మార్చాను. ఇప్పుడు అప్లికేషన్ ప్రతి కనెక్షన్‌నూ వాడేముందు ఒకసారి పలకరిస్తుంది. పలకకపోతే వదిలేసి కొత్తది తెరుస్తుంది.

"ఇంక మీరు పొద్దున్నే రానక్కర్లేదు దీదీ" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆవిడ కోడ్ చివరిదాకా చదివి తలూపింది.

"మాయమ్మ ఓపాలి ఈ కౌంటర్‌కాడే లైన్లో అందరికన్నా ముందు నిలబడింది. సర్వర్ నేదు, కల్ ఆనా అన్నారు. ఆ రేపు అమ్మకి రానేదు."

మర్నాడూ తొలి బస్సుకే వచ్చింది. చీటీ మొదటిసారికే వచ్చింది. దాన్ని చించడానికి మాత్రం ఆవిడకు చెయ్యి రాలేదు.