మూల లేని ఇల్లు

బసవనగుడిలో నేను మేడమీద అద్దెకున్న ఇంటి ఓనరమ్మకి ఎనభై దగ్గరపడినా ఒక అలవాటు పోలేదు. గేటు తీసుకుని లోపలికొస్తే నేరుగా గుమ్మానికి వెళ్ళేది కాదు. ముందుగదికి ఈశాన్యాన మూల ఉండాల్సిన చోట గోడ గుండ్రంగా వంగి ఉంటుంది. కూరల సంచీ ఎడంచేతికి మార్చుకుని, ఎద్దు మెడ నిమిరినట్టు ఆ వంపుని అరచేత్తో చివరిదాకా నిమిరాకే మెట్లెక్కేది.

"మా మామ కట్టించినాడప్పా, రెండో యుద్ధానికి ముందు. అందరూ పెంకుటిళ్ళు కడతా ఉంటే ఈయన కాంక్రీటు పోయించినాడు. ఇది ఇల్లా, టాకీసా అని నవ్వినారంట" అనేది గర్వంగా.

ఒకసారి ఆమె కొడుక్కి వ్యాపారం దెబ్బతింది. వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన టేపుతో కొలిచి, ఈశాన్యం తెగిందనీ, ఆ గుండ్రం పగలగొట్టి పలకగా కట్టాలనీ తేల్చేశాడు. కొడుకు అప్పుడే మేస్త్రీకి ఫోన్ కలుపుతున్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆమె మాత్రం సిద్ధాంతి చేతికి కాఫీ ఇచ్చి, నింపాదిగా అడిగింది.

"స్వామీ, దోషం యాడ కూచుంటాది?"

"మూలలోనమ్మా."

"ఈడ మూలే లేదు గదా! పాపం, అది యాడ కూచోవల్ల?"

కొడుకు ఫోన్ పక్కన పెట్టేసి పకపకా నవ్వాడు. సిద్ధాంతి గబగబా కాఫీ తాగి, టేపు చుట్టుకుని బయల్దేరాడు. గేటుదాకా వెళ్ళినవాడు, ఎవరూ చూడటం లేదనుకుని వెనక్కొచ్చాడు. ఆ వంపు మీద అరచెయ్యి ఆనించి, చివరిదాకా నిమిరి వెళ్ళాడు.